నేను ఆలోచిస్తుంటే ఫ్యాన్ ఎందుకు మోగుతోంది?

మీరు అడిగింది ఇది: ల్యాప్‌టాప్‌లో చెస్ ప్రోగ్రామ్‌తో ఆడుతుంటే, ఎత్తు వేయాల్సిన వంతు మీదే అయినా ఫ్యాన్ హోరుమంటోంది. ఒక్కోసారి మీరు ఎత్తు వేసిన మరుక్షణమే బదులొస్తోంది, ఒక్కోసారి పది పదిహేను సెకన్లు పడుతోంది. మీ టైమ్‌ని అది వాడుకుంటోందా? అలాగైతే మీరేం ఆడతారో దానికి ముందే ఎలా తెలుస్తోంది? చివర్లో ఇంకో మాట కూడా కలిపారు: మీరే ఒక చిన్న ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్) రాస్తున్నారు, అందులో ఇది పెట్టాలంటే ఎలా అని.

అవును, మీ టైమ్‌నే వాడుకుంటోంది. దీన్ని పాండరింగ్ అంటారు. చెస్‌బేస్ వాళ్ల ఫ్రిట్జ్‌లో ఇదే 'పర్మనెంట్ బ్రెయిన్' పేరుతో కనిపిస్తుంది. కొత్త సంగతేమీ కాదు. 1980లలో బల్ల మీద పెట్టుకుని ఆడుకునే చెస్ కంప్యూటర్లు వచ్చేవి కదా, వాటిలోనూ ఉండేది. కొన్నింటిలో 'ఈజీ' అని ఒక మోడ్ ఉండేది. అది పెడితే మీ వంతులో మెషిన్ ఖాళీగా కూర్చునేది. అంటే మామూలుగా కూర్చోదన్నమాట.

ముందు ఊహ సంగతి చూద్దాం. ప్రోగ్రామ్ తన ఎత్తు కోసం వెతికేటప్పుడు ఒక్క ఎత్తుతో ఆగదు. 'నేను ఇది ఆడితే, దానికి వాళ్లు ఆడగలిగిన మంచి ఎత్తు ఇది, దానికి నేను ఇది' అంటూ ఒక వరస తయారవుతుంది. ప్రిన్సిపల్ వేరియేషన్, పొట్టిగా పీవీ అనేది దీన్నే. అందులో మొదటి ఎత్తు అది బోర్డు మీద ఆడుతుంది. రెండోది మీరు ఆడతారని అది అనుకునే ఎత్తు. దీనికోసం విడిగా కష్టపడక్కర్లేదు, తన ఎత్తు వెతికినప్పుడే ఊరికే దొరుకుతుంది. చాలా ప్రోగ్రామ్‌లలో హింట్ అడిగితే చూపించేది కూడా ఈ రెండో ఎత్తే. మీ మనసు చదవడం లాంటిదేమీ లేదు. మీ స్థానంలో తను ఉంటే ఏం ఆడేదో అదే మీరూ ఆడతారని అనుకుంటుంది, అంతే.

ఉదాహరణకి రుయ్ లోపెజ్ అనే ఓపెనింగ్ తీసుకోండి. ప్రోగ్రామ్‌ది తెలుపు. ఈ4కి ఈ5, గుర్రం ఎఫ్3కి గుర్రం సీ6, శకటు బీ5కి మీరు ఏ6. ఇప్పుడు తెలుపు శకటుతో సీ6 గుర్రాన్ని చంపింది. మీరు తిరిగి చంపాలి. డీ బంటుతో చంపొచ్చు, బీ బంటుతోనూ చంపొచ్చు. ఎక్కువమంది ఆడేది డీ బంటుతో, ప్రోగ్రామ్ ఊహించేదీ అదే. (నిజం ఆటలో ఇక్కడ ఓపెనింగ్ బుక్, అంటే ముందే దాచిపెట్టిన మొదటి ఎత్తుల జాబితా, ఉంటుంది కాబట్టి ఇంత ఆలోచన జరగదు. బుక్ ఆపేశామనుకోండి.) మీరు బోర్డు వైపు చూస్తుండగానే అది తన లోపలి బోర్డు మీద డీ బంటును సీ6లో పెట్టేసి, తన ఐదో ఎత్తు కోసం వెతుకులాట మొదలుపెడుతుంది. గుర్రంతో ఈ5 బంటును ఊరికే కొట్టేయొచ్చు కదా అని చూస్తుంది. నల్ల మంత్రి డీ4కి వచ్చి ఆ గుర్రాన్నీ, ఈ4 బంటునీ ఒకేసారి పట్టుకుంటుందని, పోయిన బంటు తిరిగి వచ్చేస్తుందని తేలుతుంది. అప్పుడు కాస్లింగ్ మేలనుకుంటుంది. మీరు నలభై సెకన్లు ఆలోచించి డీ బంటుతోనే చంపారు. దాని దగ్గర నలభై సెకన్ల పని సిద్ధంగా ఉంది, వెంటనే కాస్లింగ్ చేసేస్తుంది. దీన్ని పాండర్ హిట్ అంటారు. మీరు బీ బంటుతో చంపి ఉంటే ఆ నలభై సెకన్ల పనిని పక్కన పడేసి, అసలు బోర్డు మీద మళ్లీ మొదటి నుంచి వెతకాలి. అది పాండర్ మిస్. మీరు చూసిన పది పదిహేను సెకన్లు అవే.

దీంట్లోంచి ఆడేవాళ్లకు ఒక చిన్న గూఢచారి సమాచారం దొరుకుతుంది. పాండరింగ్ ఆన్‌లో ఉన్న ప్రోగ్రామ్ ఠక్కున బదులిస్తే, చాలాసార్లు మీరు అది అనుకున్న ఎత్తే వేశారని అర్థం. ఆగిందంటే అనుకోనిది వేశారని. అది గొప్ప ఎత్తయినా కావచ్చు, ఘోరమైన తప్పయినా కావచ్చు. నా అనుభవంలో రెండోదే ఎక్కువ. బుక్ ఎత్తులకూ, వేరే దారి లేని ఎత్తులకూ కూడా ఠక్కునే బదులొస్తుంది కాబట్టి దీన్ని మరీ నమ్ముకోకండి.

ఇక చాలామందికి వచ్చే సందేహం: ఒక్క ఎత్తు మీద పందెం కాయడం ఎందుకు? మీరు ఆడగలిగిన అన్ని ఎత్తులనీ కొంచెం కొంచెం చూసి పెట్టుకోవచ్చు కదా? నేనూ మొదట్లో అలాగే అనుకుని, నా ఇంజిన్‌లో అవతలివాళ్ల వంతు పొజిషన్‌నే వెతికేలా రాశాను. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఓడిపోయే పద్ధతి అది.

నన్నే ఇంజిన్ అనుకోండి. మిడిల్‌గేమ్‌లో ఒక పొజిషన్‌లో సగటున 35 దాకా చెల్లే ఎత్తులుంటాయి. వాటన్నిటికీ సమానంగా పంచితే ఒక్కోదానికి నలభై సెకన్లలో ఒక సెకను కాస్త పైన వస్తుంది. ఆ ఒక్క సెకను పనిని మీరు ఎత్తు వేశాక నేను ఒక్క సెకనులో చేసుకోగలను. సరే, సమానంగా పంచకుండా ఆల్ఫా-బీటా (పనికిరాని ఎత్తులను మధ్యలోనే వదిలేస్తూ వెతికే పద్ధతి) తన దారిలో వెతుకుతుందనుకుందాం. అప్పుడింకో చిక్కు. ఆల్ఫా-బీటా మొదటి ఎత్తుకు మాత్రమే అసలు విలువ కడుతుంది. మిగతా వాటి దగ్గర 'ఇది దానికంటే మెరుగు కాదు' అని తేలగానే వదిలేస్తుంది. ఎంత చెడ్డదో, దానికి నా సరైన బదులేమిటో చెప్పదు. మీరు ఆ చెడ్డ ఎత్తే ఆడితే నాకు కావాల్సింది సరిగ్గా ఆ బదులే! అంటే మిగతా 34 ఎత్తుల మీద పెట్టిన సమయంలో చాలావరకు, అవి ఎందుకు ఆడకూడదో మీ తరఫున నిరూపించడానికి పోతుంది. మీకు ఉచితంగా కోచింగ్ ఇచ్చినట్టు.

క్రాఫ్టీ అనే ఇంజిన్ రాసిన రాబర్ట్ హయట్ చాలా ఏళ్లుగా వాదిస్తున్నదీ ఇదే: ఊహ సగం కంటే ఎక్కువసార్లు నిజమవుతుంటే, మొత్తం టైమ్ ఆ ఒక్క ఎత్తు మీదే పెట్టడం లాభం. మిగిలిన ఎత్తులన్నీ కలిపినా ఆ ఒక్కదాని అవకాశానికి సరిరావు కాబట్టి. ఒకవేళ పీవీలో రెండో ఎత్తు లేకపోతే? కొన్నిసార్లు హాష్ టేబుల్ (చూసిన పొజిషన్ల ఫలితాలు దాచుకునే పట్టిక) వల్ల పీవీ తెగిపోయి ఒక్క ఎత్తే మిగులుతుంది. స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ అప్పుడు హాష్ టేబుల్లో ఆ పొజిషన్‌కి ఏదైనా ఎత్తు రాసి ఉందేమో చూసి దాన్ని వాడుకుంటుంది. క్రాఫ్టీ అయితే మీ వైపు నుంచి ఒక చిన్న వెతుకులాట చేసి, ఊహించడానికి ఒక ఎత్తు తెచ్చుకుంటుంది.

ఎంత లాభం? సుమారుగా లెక్క వేద్దాం. ఇద్దరూ ఎత్తుకు పది సెకన్లు తీసుకుంటున్నారు, పదిలో ఆరు ఊహలు నిజమవుతున్నాయి అనుకోండి. అప్పుడు నాకు సగటున ఎత్తుకు పదహారు సెకన్ల పనికొచ్చే ఆలోచన దొరికినట్టు. టైమ్ రెట్టింపైతే వచ్చే బలంలో సగానికి పైగా వస్తుంది. ఎలో పాయింట్లలో (చెస్ రేటింగ్ కొలతలో) చెప్పాలంటే కొన్ని పదులు. అవతలివాడు ప్రతిదానికీ ఠక్కున బదులిస్తుంటే మాత్రం ఇందులో ఏమీ మిగలదు. వాడి ఆలోచనా సమయమే కదా మన ముడిసరుకు. రెండు మంచి ఇంజిన్లు పాండరింగ్‌తో తలపడి, ఇద్దరి ఊహలూ కలిసిపోతే, ఒక దశలో ఎత్తులు టేబుల్ టెన్నిస్ బంతిలా అటూ ఇటూ వెళ్తుంటాయి.

మనుషుల మీద ఈ లెక్క ఇంకా పడిపోతుంది. ప్రోగ్రామ్ ఊహించేది మంచి ఎత్తుని. మనం ఆడేది మనకు తోచినదాన్ని. కాబట్టి మీ ఫ్యాన్ శబ్దంలో ఎక్కువ భాగం, మీరు ఆడని ఆటల గురించి చేసిన ఆలోచన. (మనుషులు అవతలివాడి టైమ్‌లో ఏం చేయాలన్నదానికి మాజీ ప్రపంచ ఛాంపియన్ బోట్విన్నిక్ పేరుతో ఒక సలహా ప్రసిద్ధం: మన గడియారం నడుస్తున్నప్పుడు ఎత్తుల లెక్కలు, అవతలి గడియారం నడుస్తున్నప్పుడు మొత్తం పరిస్థితి గురించిన ఆలోచన. ప్రోగ్రామ్‌కి ఆ తేడా తెలీదు, దానికి రెండు టైముల్లోనూ లెక్కలే.)

మిస్ అయితే ఆ పని అంతా గంగలో కలిసినట్టేనా? కాదు, కానీ ఎంత మిగులుతుందన్నది ఎత్తును బట్టి ఉంటుంది. ఇంజిన్ చూసిన పొజిషన్లు హాష్ టేబుల్లో ఉంటాయి. పొజిషన్‌ని ఒక సంఖ్యగా మార్చి దాచే పద్ధతి ఆల్బర్ట్ జోబ్రిస్ట్ 1970లో చెప్పినది, ఈనాటికీ అదే. ఇప్పుడు పై ఉదాహరణే చూడండి. డీ బంటు సీ6లో ఉన్న పొజిషన్లనీ, బీ బంటు సీ6లో ఉన్న పొజిషన్లనీ ఏ దారిలో కలుపుతారు? బంట్లు వెనక్కి నడవవు. కాబట్టి పాండరింగ్‌లో నింపిన టేబుల్ అక్కడ దాదాపు పనికిరాదు. అదే, మీరు హెచ్6 ఆడతారని అది ఊహించి, మీరు ఏ6 ఆడారనుకోండి. ఏ6, హెచ్6 రెండూ పడ్డ పొజిషన్లకు రెండు దారుల్లోనూ చేరొచ్చు. అక్కడ పాత పని చాలా అక్కరకొస్తుంది, కొత్త వెతుకులాట మొదటి లోతులు గబగబా దాటేస్తుంది. చంపుకోవడాలు ఉన్న చోట మిస్ ఖరీదైనది, నెమ్మది ఎత్తుల దగ్గర చవక.

టేబుల్ సైజు కూడా ఇక్కడే దెబ్బ కొడుతుంది. స్టాక్‌ఫిష్‌లో డిఫాల్ట్ హాష్ 16 ఎంబీ. మూడు పొజిషన్లకు 32 బైట్లు చొప్పున అందులో పట్టేవి 15 లక్షల పైచిలుకు. ఇప్పటి ల్యాప్‌టాప్ దాన్ని కొద్ది సెకన్లలో నింపేస్తుంది. మీరు రెండు నిమిషాలు ఆలోచిస్తే, మొదటి నిమిషం పనిలో చాలా భాగం రెండో నిమిషం పని కింద కొట్టుకుపోతుంది. పాండరింగ్ పెడితే హాష్ పెంచండి. ఇంకో తప్పు: కొత్తగా రాసేవాళ్లు ప్రతి ఎత్తుకూ ముందు టేబుల్ ఖాళీ చేసేస్తుంటారు. పాండరింగ్ ఉన్నా లేకపోయినా అది నష్టమే, ఉంటే రెండింతలు.

ఇక మీ ఇంజిన్. మీరు యూసీఐ (ఇంజిన్, బోర్డు చూపించే ఇంటర్‌ఫేస్ ప్రోగ్రామ్ మాట్లాడుకునే పద్ధతి) వాడుతున్నారనుకుంటున్నాను. 2000లో స్టెఫాన్ మేయర్-కాలెన్, రుడాల్ఫ్ హూబర్ తెచ్చిన పద్ధతి అది. అందులో పాండరింగ్ పగ్గాలు ఇంజిన్ చేతిలో ఉండవు, ఇంటర్‌ఫేస్ ప్రోగ్రామ్ చేతిలో ఉంటాయి. మీరు 'బెస్ట్‌మూవ్' చెప్పేటప్పుడు పక్కనే 'పాండర్' అని మీ ఊహ కూడా చెప్తారు. ఇంటర్‌ఫేస్ ఆ ఊహించిన ఎత్తును కూడా కలిపి పొజిషన్ పంపి, 'గో పాండర్' అంటుంది. మీరు వెతకడం మొదలుపెడతారు. అవతలివాళ్లు అదే ఆడితే 'పాండర్‌హిట్' వస్తుంది. అప్పుడు వెతుకులాట ఆపకూడదు, మామూలు వెతుకులాటగా మారిపోవాలి, అంతే. వేరేది ఆడితే 'స్టాప్' వస్తుంది, ఆ తర్వాత అసలు పొజిషన్‌తో కొత్త 'గో'. పాత ఎక్స్‌బోర్డ్ పద్ధతి ఇందుకు పూర్తిగా వేరు: అక్కడ 'హార్డ్' అంటే పాండరింగ్ ఆన్, 'ఈజీ' అంటే ఆఫ్. మిగతాదంతా ఇంజిన్ సొంత వ్యవహారం, దేని మీద ఆలోచిస్తోందో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇందులో మొదలుపెట్టడం అరగంట పని. ఆపడం సరిగ్గా రాయడానికి నాకు నెలలు పట్టింది. రెండు గోతులు చెప్తాను.

మొదటిది. పాండర్ చేస్తుండగా మీ ఇంజిన్‌కి మేట్ దొరికింది, లేదా పెట్టుకున్న గరిష్ఠ లోతు అయిపోయింది. మామూలుగా అయితే వెతుకులాట ముగించి ఎత్తు చెప్పేస్తారు. ఇక్కడ చెప్పకూడదు. అవతలివాళ్లు ఇంకా ఆడలేదు! 'పాండర్‌హిట్' గానీ 'స్టాప్' గానీ వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోవాలి. యూసీఐ పత్రంలో మేట్ అయినా సరే పాండర్ మోడ్‌లో బయటికి రావద్దని ఆశ్చర్యార్థకం పెట్టి మరీ రాశారు. ఎంతమంది అలా బయటికి వచ్చేసి ఉంటే ఆ మాట రాయాల్సి వచ్చిందో.

రెండోది నన్ను ముంచింది. 'స్టాప్' వచ్చినప్పుడు కూడా ఇంజిన్ ఒక 'బెస్ట్‌మూవ్' చెప్పి తీరాలి. మిస్ అయినప్పుడు అది జరగని పొజిషన్‌కి సంబంధించిన ఎత్తు, ఇంటర్‌ఫేస్ దాన్ని చెత్తబుట్టలో వేస్తుంది. నా ఇంజిన్‌లో వెతికే థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పని) వేరు, ఆదేశాలు చదివే థ్రెడ్ వేరు. 'స్టాప్' చదివిన థ్రెడ్, వెతికే థ్రెడ్ నిజంగా ఆగిందో లేదో చూడకుండా వెంటనే కొత్త 'గో' అందుకుంది. పాత బెస్ట్‌మూవ్ ఆలస్యంగా బయటికొచ్చి, కొత్త పొజిషన్‌కి బదులుగా లెక్కలోకి వెళ్లింది. స్నేహితుల మధ్య పెట్టుకున్న పోటీ, గెలిచే ఆట, బోర్డు మీద లేని ఏనుగుతో ఎత్తు వేసి ఓడిపోయింది. ఇంట్లో వంద ఆటలు ఆడించినా ఒక్కసారీ రాలేదు ఆ బగ్. నేను అప్పటిదాకా టెస్ట్ చేసిందంతా పాండరింగ్ ఆఫ్ పెట్టి మరి. పరిష్కారం చిన్నదే: 'స్టాప్' తర్వాత వెతికే థ్రెడ్ ముగిసేదాకా ఆగి, ఆ తర్వాతే తర్వాతి ఆదేశం చదవండి.

టైమ్ లెక్క గురించి కూడా ఒక మాట. పాండర్ జరుగుతున్నంతసేపూ మీ గడియారం కదలదు, కాబట్టి టైమ్ అయిపోయిందన్న తనిఖీ ఆ సమయంలో పనిచేయకూడదు. 'పాండర్‌హిట్' వచ్చాక ఏం చేయాలన్నదే ప్రశ్న. స్టాక్‌ఫిష్ చేసేది నాకు నచ్చింది: పాండర్ మొదలైన క్షణం నుంచే లెక్కపెడుతుంది. ఈ ఎత్తుకు అనుకున్న టైమ్ పాండర్‌లోనే దాటిపోయి ఉంటే ఒక గుర్తు పెట్టుకుని, హిట్ రాగానే ఆడేస్తుంది. దాటకపోతే మిగిలినంత వెతుకుతుంది. అలా మిగిలే టైమ్ ముందు ముందు కలిసొస్తుంది కాబట్టి, పాండర్ ఆప్షన్ ఆన్‌లో ఉంటే ప్రతి ఎత్తుకూ అనుకున్న టైమ్‌ని పావు వంతు పెంచుతుంది కూడా. ఈ పెంపు లేకపోతే పాండరింగ్ ఇచ్చిన టైమ్‌లో కొంత ఆట చివర్లో గడియారం మీద వాడకుండానే మిగిలిపోతుంది.

లీలా లాంటి న్యూరల్ నెట్‌వర్క్ ఇంజిన్ల గురించి పొడవుగా చెప్పను. వాటి దగ్గర హాష్ టేబుల్‌కి బదులు పెరుగుతూ పోయే చెట్టు ఉంటుంది. ఎత్తు పడగానే ఆ కొమ్మను ఉంచుకుని మిగతావి నరికేస్తాయి. ఊహించని ఎత్తు పడినా, అంతకుముందు వెతుకులాటలో ఆ కొమ్మ ఎంతో కొంత పెరిగి ఉంటుంది కాబట్టి పూర్తిగా సున్నా నుంచి మొదలవ్వదు.

టెస్టింగ్‌కి మాత్రం పాండరింగ్ ఆఫ్ పెట్టండి. ఒకే కంప్యూటర్ మీద రెండు ఇంజిన్లు ఆడుతుంటే, ఒకటి పాండర్ చేస్తున్నంతసేపూ రెండోదాని ప్రాసెసర్ కోర్లు తింటుంది. గెలిచింది ఎత్తుల వల్లా, ఆపరేటింగ్ సిస్టమ్ దయ వల్లా అన్నది చెప్పలేం. ఇంజిన్లకు ర్యాంకులిచ్చే సీసీఆర్ఎల్ రేటింగ్ జాబితా, ఇంజిన్ల మధ్య జరిగే టీసీఈసీ పోటీలు పాండర్ ఆఫ్‌తోనే నడుస్తాయి. ఎవరి కంప్యూటర్ వాళ్లు తెచ్చుకునే పోటీల్లో అయితే ఆన్ పెట్టకపోవడం చేతులారా వదులుకోవడమే. అందుకే మీ మార్పుల బలం కొలవడానికి ఆఫ్, బగ్‌లు పట్టడానికి అప్పుడప్పుడూ రెండు వేర్వేరు మెషిన్ల మీద ఆన్. ఆ ఆన్ ఆటల్లో ఎత్తుకు ఒక సెకను కంటే తక్కువ టైమ్ ఇవ్వండి. పైన చెప్పిన థ్రెడ్ గొడవలు తొందరలోనే బయటపడతాయి. లాగ్‌లో హిట్‌లు ఎన్ని, మిస్‌లు ఎన్ని అని కూడా రాసుకోండి. సమాన బలమున్న ఇంజిన్‌తో ఆడుతూ హిట్‌లు సగానికి బాగా కిందికి పడిపోతే, మీరు చెప్పే పాండర్ ఎత్తు పాత పీవీ నుంచి వస్తోందేమో చూడండి. నాకు ఒకసారి అదే జరిగింది.

ఫ్యాన్ చప్పుడు భరించలేకపోతే మీ ప్రోగ్రామ్ ఇంజిన్ సెట్టింగ్స్‌లో పాండర్ అనో, పర్మనెంట్ బ్రెయిన్ అనో ఉన్న టిక్ తీసేయండి. ఫోన్‌లో డ్రాయిడ్‌ఫిష్ అనే చెస్ యాప్ వాడుతుంటే అందులోనూ ఆ ఆప్షన్ ఉంది, బ్యాటరీ కోసమైనా ఆఫ్‌లోనే ఉంచండి. తీసేశాక కూడా మీ వంతులో ఫ్యాన్ తిరుగుతుంటే, ఎక్కడో అనాలిసిస్ విండో తెరిచి వదిలేసి ఉంటారు.